తువ్వాల కింద బేరం

పెద్ద మోటారు సైకిళ్లు అమ్మేవాళ్లు వనపర్తి గోడల నిండా బొమ్మలు వేస్తారు. క్లచ్ కాలిపోతే మాత్రం హైదరాబాద్ దాకా బాగుచేసే దిక్కులేదు. విసిగిపోయిన కూతురు క్లచ్ కాలిన తన బండిని అమ్మెయ్యమని తండ్రికి అప్పగించింది. పెబ్బేరు పశువుల సంత నుంచి ఆయన దాన్ని, ఎక్కించుకుపోయిన ట్రాక్టర్ ట్రాలీలోనే వెనక్కి తెచ్చేసరికి, ఆమె లోపల సంబరమే అయినా మొహం చిట్లించింది.

“ఏంది నాయినా, అమ్మలేదా?”

“ఎడ్ల బేరగాడొకడు వచ్చిండు బిడ్డా. చేతుల మీద తువ్వాల కప్పి, వేళ్లు వట్టి ధర చెప్పిండు. మంచి ధరే.”

“బండికి గూడ తువ్వాల బేరమేనా! మరేమైంది?”

“కొని ఏం జేస్తవని అడిగిన. ఇప్పి, సామాన్లు విడివిడిగ అమ్ముకుంటడట. చెయ్యి గుంజుకున్న.”

“అది ఇనుము నాయినా, ఎద్దు గాదు.”

“గట్లనా? మరి పొద్దుగాల ట్రాలీ ఎక్కిస్తుంటే దాని వీపు ఎందుకు నిమిరినవే?”

ఆమె తల తిప్పుకుంది.

“సరే, హైదరాబాద్ తోల్కపోయి బాగుజేయించుకొస్త.”

“నేను గూడ వస్త.”

“నువ్వెందుకు? నడుం నొస్తదంటవు.”

“పశువుల దవాఖానకు పోతే, సూది ఏసేదాక గంగడోలు నిమురుకుంట పక్కనే నిలవడాలె. లేకుంటే బెదురుతది.”

“బండి బెదురుతదా నాయినా?”

“నేను బెదురుత. మీరిద్దరు ఆడ ఉంటే, నేనొక్కన్ని ఇంటికాడ ఎట్ల కూసోవాలె?”