కోటు మాస్టారి ముక్కు

ఆ ట్యాబు అలా బల్ల మీద పెట్టి ఇటొచ్చి కూర్చోరా. నేర్పుదువుగానిలే, తొందరేముంది. దాన్ని చూస్తే నాకు మా కోటు మాస్టారే గుర్తొస్తాడు. కింద వాటాలో ఉండేవాడు, టైలరు. నువ్వెరగవు, పోయి చాలా ఏళ్లయింది. యాభై ఏళ్లు సూది పట్టీ పట్టీ ఆయన వేళ్లు తోలులా బిరుసెక్కిపోయాయి. కూతురు ట్యాబు కొనిచ్చిందా, ఈయన నొక్కితే అది ఉలకదు, పలకదు. వేలు తడిపాడు, నూనె రాశాడు, ఊహూఁ. "ఏమయ్యా, నేనసలు బతికే ఉన్నానా?" అని నన్నడిగేవాడు. ఓ రోజు చిర్రెత్తి ముక్కుతో పొడిచాడు. టక్కున తెరుచుకుంది! ఇక అన్నిటికీ ముక్కే. అదేమన్నా చిన్న ముక్కా? ఒకటి నొక్కబోతే పక్కదీ పడేది.

ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, వాళ్లక్క. బావ పోతే ఈయన వెళ్లలేదు. ఎవరివో పెళ్లికోట్లు ఇచ్చెయ్యాలని ఆగిపోయాడు. పన్నెండేళ్లు ఆవిడ మాట్లాడలేదు. ఓ ఆదివారం ఉన్నట్టుండి వీడియో కాల్. ముక్కుతో ఎత్తాడు. "ఏరా, ఇన్నాళ్లకి నాకు ముక్కు చూపిస్తున్నావా?" అని ఆవిడ పకపకా నవ్వింది. అలా మాటలు కలిశాయి. ప్రతి ఆదివారం మోకాళ్ల నొప్పులు, పక్కింటి పిల్లి, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. క్షమించమన్న మాట మాత్రం ఈయన నోట రాదే! "వచ్చే వారం అడుగుతానయ్యా" అనేవాడు.

తర్వాత ఆవిడ ఆస్పత్రి పాలైంది. మేనల్లుడు వీడియో కాల్ చేసి, "మామయ్యా, అమ్మ మాట్లాడలేకపోతోంది గానీ, వింటుంది. చెప్పాల్సిందేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్" అని, ఫోన్ ఆవిడ ముందు నిలబెట్టి బయటికెళ్లాడు. అక్క మొహం సరిగ్గా చూద్దామని ఈయన వంగాడు. ముక్కు తగిలింది. మైకు బొమ్మ మీద ఎర్రగీత పడింది. ఆయన చూసుకోలేదు. పక్కనే ఉన్నాను, నేను చూశాను. "అక్కా, తప్పు నాదే. కోట్లు ఎక్కడికి పోతాయి? నేను రావాల్సింది" అంటూ పసిపిల్లాడిలా ఏడుస్తూ అంతా చెప్పేస్తున్నాడు. ఆవిడకి ఒక్క ముక్కా వినబడదు. నా వేలికైతే అది పలుకుతుంది కదా, నొక్కుదామని చెయ్యి చాపాను. సరిగ్గా అప్పుడే ఆవిడ మెల్లిగా తల ఊపింది. ఆగిపోయాను. అదంతా మళ్లీ మొదట్నుంచి చెప్పమని ఎలా అంటాను చెప్పు? మర్నాడు ఆవిడ పోయింది. "వింది కదూ? తల ఊపింది, చూశావుగా?" అని బతికినన్నాళ్లూ నన్నడిగాడు. "చూశాను మాస్టారూ" అనేవాణ్ణి. చూసిన మాట నిజమే కదా.

...

ఏదీ, దీని ఛార్జరు ఎక్కడ పెట్టావు?