భోజనాలకు ముందు చదివే అప్పు

సభకు నమస్కారం. ఈ వానలో కూడా అంతంత దూరాల నుంచి హెర్న్‌డన్ దాకా డ్రైవ్ చేసుకుని వచ్చారు. యోగానంద్ గారిని పోగొట్టుకున్న శారద గారికీ, వారి అమ్మాయి రేణుకీ తోడుగా కూర్చున్నారు. ఆయన లేకుండా మన తెలుగు సంఘం ఈ హాల్లో చేరడం ఇదే మొదటిసారి.

నన్ను ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు సరోజ. గవర్నమెంట్ ల్యాబ్‌లో కెమిస్టుని. మన అధ్యక్షులు దామోదర్ గారు మైకు చేతికిస్తూ నాకు రెండు మాటలు చెప్పారు. ఒకటి, పది నిమిషాల్లో ముగించమని. రెండు, ఇలాంటి సమయంలో హాలు అప్పు సంగతి ఎత్తవద్దని. మొదటిది ప్రయత్నిస్తాను.

మిత్రులారా, యోగానంద్ గారి గురించి మాట్లాడుతూ అప్పు ఊసెత్తకుండా ఉండటం ఎలా? ఆ మనిషి జీవితమంతా చదివింది అప్పునే. స్కాట్లాండులో ఓ చిన్న రేవు పట్టణం. రెండు వందల ఏళ్ల కిందట దాని టౌన్ కౌన్సిలు చేసిన అప్పు. దాని మీదే ఆయన డాక్టరేటు, దాని మీదే కాలేజీలో పాఠాలు. ఆ ఊరి పేరు ఎన్నిసార్లు నేర్పినా నాకు నోరు తిరగలేదు. మన పిల్లలు ఆయన్ని స్కాట్లాండ్ అంకుల్ అనేవారు. పెద్దవాళ్ళం మనం చాటున అదే పేరు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ కౌన్సిలు ఏం చేసిందంటే, రేవుకి కొత్త గోడ కట్టింది. రాబోయే ఓడల మీద వచ్చే సుంకాన్ని నమ్ముకుని అప్పు తెచ్చి కట్టింది. గోడ లేచింది. ఓడలు రాలేదు.

మనం ఏం చేశాం? డెబ్బై ఎనిమిది ఉగాది గుర్తుందా? స్కూలు కెఫెటేరియాలో ఫంక్షను. సొంత హాలు కావాలని స్టేజీ మీద పేర్లు పిలిచాం. ఒకరు వెయ్యి అన్నారు, పక్కాయన ఊరుకుంటాడా, రెండు వేలన్నాడు. ఒక్కో అంకెకీ చప్పట్లు. ఆ లెక్క చూసుకుని మరుసటి ఏడాది ఈ పాత చర్చి బిల్డింగు కొన్నాం. అనౌన్స్ చేసిన దాంట్లో సగం కూడా రాలేదు. అడగాలంటే మొహమాటం. అడక్కపోతే బ్యాంకు వాయిదా. అప్పట్లో ట్రెజరర్ యోగానంద్ గారే. ఓ మీటింగులో నేనూ ఉన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "చప్పట్లు డిపాజిట్ చేయడానికి లేదండీ, నేను కనుక్కున్నాను" అన్నారు. ఆయన జోకు అంతవరకే ఉండేది.

ఎనభై ఒకటిలో వడ్డీలు ఆకాశాన్నంటాయి. లోన్ రెన్యూ చేయాలంటే బ్యాంకు కొంత సొమ్ము ముందే కట్టమంది. కట్టకపోతే హాలు పోతుంది. అప్పుడు ఆయన తన స్కాట్లాండుని బయటికి తీశారు. ఆ కౌన్సిలు చివరికి సొంత ఊరి వాళ్ళ దగ్గరే చేబదుళ్ళు తీసుకుందట. తీర్చేటప్పుడు చిన్న మొత్తం ఇచ్చినవాళ్ళకు ముందు, పెద్దవాళ్ళకు తర్వాత. కౌన్సిలు మెంబర్లకు అందరికన్నా ఆఖరున. పైగా ఏడాదికోసారి సంతలో డప్పు కొట్టించి, మిగిలిన అప్పు ఎంతో బాహాటంగా చదివించేవారట. అది చదివాకే మెంబర్లు విందుకి కూర్చునేవారు. మనమూ అలాగే చేద్దామన్నారు. పెద్ద మొత్తాలు ఇవ్వగలిగిన వాళ్ళకి ఆ వరుస నచ్చలేదు. డాక్టర్ జగదీష్ గారు ముందు వరుసలోనే ఉన్నారు, ఆరోజు ఆయన ముఖం ఎంత మాడిందో నాకు గుర్తే. అయినా ఇచ్చారు, అది కూడా చెప్పాలి.

మా ఆయన శ్యామ్‌సుందర్ పోయాక వచ్చిన ఇన్సూరెన్స్‌లోంచి నేనూ మూడు వేలు ఇచ్చాను. అవి రావని మా అన్నయ్య ఫోన్ చేసి మరీ తిట్టాడు. రెండేళ్ళు తిరక్కుండా వడ్డీతో సహా వచ్చాయి. ఒక్కసారి కూడా నేను అడగాల్సిన పని పడలేదు. ఒంటరి ఆడదానికి అడగాల్సిన పని పడకపోవడం అంటే ఏమిటో మీలో కొందరికి తెలుసు.

అప్పటి నుంచి ప్రతి ఫంక్షనులో భోజనాలకు ముందు ఆయన లేచేవారు. "మన హాలు అప్పు నేటికి ఇంత" అని చదివేవారు. చదివి, ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని ఓ నిమిషం అలాగే నిలబడేవారు. ఎవరు అడిగారు? పులిహోర చల్లారిపోతోందని గొణిగాం. పేపరు ప్లేట్లలోకి చూస్తూ తలలు దించుకున్నాం.

ఒక ఉగాదికి ఇండియా నుంచి ఓ పెద్ద మనిషిని ముఖ్య అతిథిగా పిలిచాం. ఈ ఒక్కసారికి చదవొద్దని కమిటీ అంతా ఆయన్ని బతిమాలింది. పరువు సంగతి కదా. ఆయన సరేననలేదు, కాదనలేదు. టైముకి లేచారు, చదివారు, నిమిషం నిలబడ్డారు, కూర్చున్నారు. అతిథి గారు శుభ్రంగా భోంచేసి వెళ్ళిపోయారు. ఏ ఆకాశమూ విరిగి మీద పడలేదు. ఆ తర్వాతి వారంలో మాత్రం, డెబ్బై ఎనిమిదిలో చప్పట్లు కొట్టించుకున్న మొత్తాలు కొన్ని చెక్కులై పోస్టులో వచ్చాయి. ఎవరెవరివో నేను చెప్పను, కంగారు పడకండి.

యోగానంద్ గారు దేవుడని నేను అనను. మహా మొండి. ఒక్కో సభలో ఆయన్ని చూస్తే విసుగొచ్చేది. ఇప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే బాధగా ఉంది.

పోయినేడు బ్యాంకుది తీరిపోయింది. కేకు కోశాం. పార్కింగు కోసం పక్క స్థలం కొనాలని, వచ్చే ఉగాదికి మళ్ళీ స్టేజీ మీద పేర్లు పిలవాలని కమిటీ అనుకుంటోంది. అప్పు చదవడం ఇక ఆపేద్దామనీ అనుకుంటోంది. బ్యాంకుది తీరాక కూడా ఆయన చదువుతూనే ఉన్నారు, మీరు విన్నారా? అంకె చదివేవారు గానీ ఎవరికి ఇవ్వాలో చెప్పేవారు కాదు. చిన్నవాళ్ళకు ముందు, కమిటీ వాళ్ళకు ఆఖరున, అదీ నియమం. కమిటీలో ఆయన తన పేరు అందరికన్నా కింద వేసుకున్నారు. మిగిలినదంతా ఆయన హాలుకి ఇచ్చిన సొమ్మే. ఇక నుంచి శారద గారిది. ఆవిడ నోరు తెరిచి అడగరు. అడగాల్సిన పని ఆవిడకు పడకూడదు.

దామోదర్ గారూ, ఏమీ అనుకోకండి. భోజనాలకు ఇంకా టైముంది.

మన హాలు అప్పు నేటికి తొమ్మిది వేల నాలుగు వందల డాలర్లు.

ఇది చదివాక ఆయన నిలబడే నిమిషం ఒకటి ఉంది. ఇన్నేళ్ళూ ఆయన నిలబడితే మనం కూర్చున్నాం. ఈ ఒక్క నిమిషం మనం నిలబడదాం. దయచేసి అందరూ లేవండి. ఏమీ మాట్లాడవద్దు. తలలు మాత్రం దించుకోకండి.