మామగారి నీలం కారు

ఆదివారం పొద్దున. మామగారింటి పక్క రేకుల షెడ్డులో పాత నీలం కారు, దాని చుట్టూ గుడ్డలూ బకెట్లూ డబ్బాలూ. పెద్దల్లుడు బానెట్ మీద వంగి ఉన్నాడు. వారంలో ఐదు రోజులు ఆఫీసులో ఫైళ్ళు తిప్పి, ఆరో రోజు నిద్రపోయే ఆ మనిషికి ఏడో రోజే అసలు ఉద్యోగం, జీతం లేని ఉద్యోగం. సాయం పట్టడానికి వచ్చిన బావమరిది ఫోన్లో టైము చూసుకోవడం అది నాలుగోసారి.

"గుండ్రంగా తిప్పకు అని ఎన్నిసార్లు చెప్పాలిరా? నిలువుగా, ఒకే వాటంగా లాగు. గుండ్రంగా రుద్దితే ఎండలో సాలెగూడులా గీతలు కనిపిస్తాయి."

"ఎవరికి కనిపిస్తాయి బావా?"

"నాకు."

"నీకైతే ఈగ వాలి లేచిపోయినా కనిపిస్తుంది."

"ఆ గుడ్డ కింద పడిందా ఇప్పుడు?"

"పడలేదు."

"పడింది, చూశాను. అవతల పారెయ్."

"దులిపితే సరిపోదా?"

"సరిపోదు. ఒక్క ఇసుక రేణువు చాలు, నెల రోజుల పని బూడిదలో పోసినట్టే. ఉంగరం తీశావా?"

"తీశాను. వాచీ కూడా తీయించావుగా. టైముకి మాటిమాటికీ ఫోను తీయలేక చస్తున్నాను."

"టైముతో నీకేం పని? ఇందాకట్నుంచీ చూస్తున్నాను, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు. ఇంటర్వ్యూ ఏమన్నా ఉందా?"

"అబ్బే. పదకొండుకల్లా అయిపోతుందా అని."

"పదకొండుకేముంది?"

"ఏముంటుంది. ఎండ."

"షెడ్డులో ఎండేమిటిరా?"

"అదే, వేడి. వేడికి ఆ వ్యాక్స్ కరిగిపోదూ?"

"వ్యాక్స్ అంటే వెన్న అనుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇటు రా, ఈ డోర్ మీద చెయ్యి పెట్టు. ఊరికే ఆనించు, రుద్దకు. ఎలా ఉంది?"

"నున్నగా ఉంది."

"నున్నగా అంటాడు. మొదట ఎలా ఉండేదో గుర్తుందా? కోళ్ళగూడు తలుపులా ఉండేది. మీ నాన్న ఎండలో వదిలేసేవారు, చెట్టు కింద వదిలేసేవారు. దీన్ని మనిషిని చేసింది నేను. ఆఫీసులో నా పేరు సగంమందికి తెలీదు, తెలుసా? అదే ఈ వీధిలో అయితే జనం నడక ఆపి చూస్తారు. మొన్నో పెద్దాయన కొత్త కారా అనడిగాడు."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

"బాగుంది."

"మామగారు ఫోన్లో ఏమన్నారో చెప్పనా? 'ఈసారి మాత్రం ఒక్క లోపం లేకుండా చెయ్యి బాబూ' అన్నారు. ఆరేళ్ళలో ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఎందుకన్నారో నాకు అర్థమైందిలే."

"ఏమర్థమైంది?"

"నా నోటితో చెప్పించకు. కళ్ళ డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడా లేదా పోయిన నెల? ఆరేళ్ళ కిందట ఇదిగో ఇక్కడే కూర్చుని మీ నాన్న ఏమన్నారు? 'నేను స్టీరింగు వదిలిన రోజున ఈ కారు నీదే' అన్నారు. నువ్వూ ఉన్నావప్పుడు."

"అప్పుడు నేను చిన్నవాణ్ణి బావా."

"ఇరవై రెండేళ్ళు నీకు. మీసం కూడా ఉంది."

"సరే, ఉన్నాను. పక్క డోర్ అయిపోయినట్టేగా?"

"మాట మార్చకు, చెప్పేది విను. మా ఇంటి పక్క సందులో రేకులు వేయించాను. దుమ్ము పడకుండా మూడు వైపులా తెర. కారు కొలతలు తీసుకెళ్ళి కవరు కుట్టించాను, లోపలి వైపు మెత్తటి గుడ్డ. ఆ దర్జీ నన్ను ఎగాదిగా చూశాడు, ఏనుక్కి చొక్కానా సార్ అని."

"రేకులు వేయించేశావా?"

"గురువారం. ఏం?"

"అక్క చూసిందా?"

"ఎదురుగా నుంచుని చూసింది. ఏమీ అనలేదు. మీ అక్క ఏమీ అనలేదంటే ఇష్టమే అని లెక్క. పదిహేనేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసుకోలేదనుకున్నావా?"

"టీ తాగుదాం బావా."

"ఇప్పుడేగా తాగాం."

"ఇంకోసారి తాగుదాం."

"ముందు వెనక సీటు చూడాలి. ఆ క్రీము డబ్బా ఇటందుకో."

"సీటుకి వద్దులే బావా."

"ఎందుకు?"

"జిడ్డుగా ఉంటుంది. పాప గౌనుకి అంటుకుంటుంది."

"ఏ పాప?"

"ఆఁ?"

"మా ఇంట్లో పాప లేదు. పన్నెండేళ్ళ మగ వెధవ ఉన్నాడు, వాడు గౌన్లు వేసుకోడు. ఏ పాపరా?"

"మాటవరసకి అన్నాను."

"నీళ్ళు నమలకు. మీ చిన్నక్క కూతురా?"

"నువ్వు ముందు కూర్చో బావా."

"నుంచునే వింటాను. చెప్పు."

"కారు చిన్నబావకి ఇస్తున్నారు. పదకొండుకి వచ్చి తీసుకెళ్తారు."

"ఇస్తున్నారంటే, నాలుగు రోజులు వాడుకోవడానికా?"

"కాదు. కాగితాలు మారిపోయాయి. బుధవారం."

"బుధవారం."

"ఊఁ."

"నేను రేకులు వేయించింది గురువారం."

"అందుకే అడిగాను, అక్క చూసిందా అని."

"మరి ఇవ్వాళ నాచేత ఎందుకు చేయిస్తున్నార్రా? పొద్దున ఆరింటికి మొదలెట్టాను. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. మామగారు చెప్పిందీ, ఆ లోపం లేకుండా అన్నదీ, వాడి కోసమా?"

"చిన్నబావే అడిగాడు. పెద్దబావగారి చెయ్యి పడితే ఆ మెరుపే వేరు, చివరిసారిగా ఆయనచేత చేయించి ఇవ్వండి అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు బావా, నిజం."

"మెచ్చుకోలా? వంట నాచేత చేయించి కంచం వాడి ముందు పెడుతున్నారు, అది మెచ్చుకోలా? వాడికి దీని గురించి ఏం తెలుసు? రేపే తీసుకెళ్ళి పెట్రోలు బంకులో ఆ తిరిగే బ్రష్షుల కింద పెడతాడు. బానెట్ మీద రంగు ఎంత పల్చబడిందో వాడికి తెలుసా? ఎక్కడ రుద్దాలో ఎక్కడ ఆపాలో నా వేళ్ళకి తెలుసు. ఆరేళ్ళురా. ఒక్క ఆదివారం మానలేదు."

"తెలుసు బావా."

"నీకు తెలుసు. తెలిసే పొద్దుట్నుంచీ నా పక్కన నుంచుని గుడ్డలందిస్తున్నావు. ఇంకా ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"అందరికీ అంటే మామగారు, అత్తగారు, మీ చిన్నక్క, ఆ తోడల్లుడు, నువ్వు. మీ అక్కకి తెలీదుగా?"

"బావా, ఆ గుడ్డ ఆరిపోతోంది."

"మీ అక్కకి తెలుసా అని అడుగుతున్నాను."

"నాన్నకి కళ్ళు సరిగ్గా కనబడవుగా. కాగితాలు మార్చే ఆ ఆర్టీవో ఆఫీసుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి కదా ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరు నువ్వు కావచ్చుగా."

"నాకా రోజు డ్యూటీ."

"అంటే మీ అక్కే తీసుకెళ్ళింది."

"సాక్షి సంతకం కూడా అక్కే పెట్టింది. ఇక నన్నేమీ అడక్కు బావా, నీకు దణ్ణం పెడతాను."

"బయటివాళ్ళు చేస్తే తిట్టుకుంటాం, కొట్టుకుంటాం. ఇంట్లోవాళ్ళే గొంతు కోస్తే ఎవరికి చెప్పుకోవాలిరా? పిలువు మీ అక్కని."

"పిలవక్కర్లేదు. అదిగో, తనే వస్తోంది."

"పది దాటింది, ఇంకా వంగే ఉన్నారా? చేతులు కడుక్కుని ఏమన్నా తిందురుగాని రండి."

"తిన్నాను. నీ తమ్ముడు పెట్టాడు. కడుపు నిండిపోయింది."

"చెప్పేశావా?"

"నోరు జారిందక్కా."

"సరేలే. నువ్వు లోపలికెళ్ళు."

"వాణ్ణి ఉండనీ. మీ ఇంట్లో ఏం జరిగినా పక్కనో సాక్షి ఉండాలిగా."

"అంత మాట అక్కర్లేదు."

"ఎంత మాట అక్కరుందో నువ్వు చెప్పు. గురువారం రేకులు వేసేవాళ్ళకి నీ చేత్తోనే మంచినీళ్ళిచ్చావు. అప్పటికే సంతకం పెట్టేసి వచ్చావు. ఎలా ఇవ్వగలిగావు?"

"దాహమన్నారు. ఇచ్చాను."

"వేళాకోళమా?"

"కాదు. ఆ సాయంత్రం చెప్దామనే అనుకున్నాను. మీరా కవరు తెచ్చి మంచం నిండా పరిచి, చూడు చూడు అన్నారు. నోరు రాలేదు."

"నోరు రాలేదు. సంతకానికి చెయ్యి మాత్రం వచ్చింది."

"వచ్చింది."

"మీ నాన్న మాట తప్పారంటే పెద్దాయన, మర్చిపోయారనుకుంటాను. మీ చెల్లెలు అడిగి ఉంటుంది, చిన్న కూతురి మీద గారాబం అనుకుంటాను. నిన్నేమనుకోవాలి? నన్ను వెర్రివెధవని చేసి ఆడుకున్నారు అందరూ కలిసి. ఆ అందరిలో నువ్వున్నావు. అదే నాకు మింగుడు పడటంలేదు."

"నాన్న మాట తప్పలేదు."

"తప్పక? కారు వాడి పేరున ఉంటే?"

"నాన్న మీకే ఇస్తానన్నారు. నేనే వద్దన్నాను."

"ఏమన్నావు?"

"ఫారం మీద మీ పేరే రాయించి ఉంచారు. అది చింపించి కొత్తది రాయించింది నేను."

"అక్కా, ఇది నాక్కూడా చెప్పలేదు నువ్వు."

"నువ్వాగరా. నువ్వు చెప్పవే, ఎందుకు వద్దన్నావు? నేను నీకేం అన్యాయం చేశాను? తాగుతానా, పేకాడతానా, వారం పొడుగునా నీ మాట జవదాటానా? నాకంటూ ఉన్నది ఇదొక్కటి. ఇదీ నీకు కంటగింపయిందా?"

"అమ్మని ఆసుపత్రికి, కాలు కసరత్తుకి, వారానికి మూడుసార్లు తీసుకెళ్ళాలి. చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతలే. మరిదిగారు తీసుకెళ్తానన్నారు."

"అది కారణం కాదు. నేను తీసుకెళ్ళనా? ఒక్క మాట అంటే ఆఫీసు మానుకుని తీసుకెళ్ళనా? అత్తగారంటే నాకు కన్నతల్లితో సమానం, ఆ సంగతి నీకు తెలుసు."

"తీసుకెళ్తారా?"

"అదేం ప్రశ్న?"

"పోయిన వానాకాలం అమ్మ బాత్రూములో పడింది చూడండి, అది ఆదివారం."

"ఆ సంగతి నాకు తెలీదా? తుంటి విరిగింది. మూడు రోజులు ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాను, మర్చిపోయావా?"

"కూర్చున్నారు. కాదన్లేదు. అక్కడికి తీసుకెళ్ళిందెవరు?"

"ట్యాక్సీలో వెళ్ళారు మీరు. నాకు తర్వాత కదా తెలిసింది."

"ఆ వానకి ట్యాక్సీ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అమ్మ తడినేల మీదే ఉంది. కదిలించబోతే కేకలు పెట్టింది."

"మరి నన్నెందుకు పిలవలేదు? ఈ గోడకి ఇవతలే ఉన్నానుగా. ఈ షెడ్డులోనే ఉన్నానుగా. ఒక్కరన్నా వచ్చి పిలిస్తే కదా."

"పిలిచాను. వంటింటి కిటికీలోంచి. అమ్మకోసం కారు తీయాలి, రండి అని."

"వానలో వినపడి ఉండదు. రేకుల మీద ఆ చప్పుడుకి ఏం వినపడుతుంది?"

"వినపడింది. జవాబు కూడా చెప్పారు."

"నేనా? నాకు గుర్తులేదు. ఒట్టు. ఏమన్నాను?"

"తల ఎత్తకుండానే అన్నారు. 'వ్యాక్స్ ఇంకా ఆరలేదు, మీ అమ్మనో అరగంట ఆగమను' అన్నారు."