రాజు గారింట్లో పోయిన రోము నాణెం

"అమ్మమ్మా, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశాను. భీమవరం రాజు గారింట్లో నాణెం పోయిందన్నావే, ఆ సంగతి మొదట్నించీ చెప్పు."

ఇటు దగ్గరగా పెట్టు మరి, నా గొంతు ఇదివరకులా పలకట్లేదు. ఆ... ఇలా చాలు.

నేను తణుకులో సోషల్ టీచర్ని గదా. ఏడో క్లాసులో... కాదు, ఆరో క్లాసే అనుకుంటా, రోము వాళ్ళు ఓడలేసుకొచ్చి మన దగ్గర మిరియాలు, సన్నబట్టలు కొనుక్కుని వెండి నాణేలు ఇచ్చేవారని పాఠం. ఓ పిల్ల లేచి "మీరు చూశారాండి ఆ వెండి?" అంది. చూళ్ళేదే. ఏళ్ళ తరబడి చెప్తున్న పాఠం, నేను చూసింది పుస్తకంలో బొమ్మే. అది నా మనసులో ఉండిపోయింది. ఆ వేసవిలో హైదరాబాదు మా పెద్దక్క వాళ్ళింటికెళ్ళినప్పుడు, అప్పటికి అక్క మోకాలు బాగానే ఉండేది, తనే పేపర్లో చూసి చెప్పింది, పాత నాణేల వేలం ఉందని. మీ తాతయ్యని లాక్కుపోయాను.

మనకి వేలమంటే చేపల చెరువు పాటే గదా. అరుపులూ కేకలూ. అక్కడేమో హోటల్ హాలు, ఏసీ, అందరూ హరికథకి కూర్చున్నట్టు కూర్చున్నారు. నంబరున్న అట్ట పైకెత్తితే పాట పాడినట్టు. నేనూ అట్ట ఎత్తాను. ఎవరూ పై పాట పాడలేదు. నాలుగు వేలకి నాకొచ్చేసింది. అప్పుడు నాలుగు వేలంటే నా జీతంలో సగం పైనేనే! మీ తాతయ్య రైలు తణుకులో ఆగేదాకా ఆ డబ్బుతో ఏమేం కొనొచ్చో లెక్క చెప్తూనే ఉన్నారు.

తక్కువకెందుకొచ్చిందంటే, దాని మీద గాటుంది. పావలా కన్నా కాస్త చిన్నది, ఓ వైపు చక్రవర్తి తల, ఆ చెంప మీద ఉలి గాటు. లోపల కూడా వెండేనా, రాగికి వెండి పూత పూశారా అని మనవాళ్ళు అలా కోసి చూసుకునేవారట. కొనేవాళ్ళకి గాటున్నవంటే చిన్నచూపు. నాకేమో అవే ముద్దు. రోములో పుట్టిందాన్ని మన కంసాలెవరో పట్టుకుని చూశాడన్నమాటే గదా. అప్పట్నించీ గాటున్నవే ఏరి కొనేదాన్ని.

రాజు గారు అలా వేలాల్లోనే పరిచయం. రొయ్యల చెరువులున్నాయి, పెద్ద మనిషి. ఎన్నేళ్ళైనా "టీచరు గారండీ" అనేవారే గానీ పేరు పెట్టి పిలిచింది లేదు. నెలకోసారి రాజమండ్రిలో నాణేల సరదా ఉన్నవాళ్ళం ఓ పదిహేను మందిమి కలిసేవాళ్ళం. ఆయన కారులోనే మేమూ వెళ్ళేవాళ్ళం. అంత స్నేహం.

ఓ ఆదివారం భోజనానికి పిలిచారు. వాళ్ళావిడ సీతమ్మ గారు రొయ్యల ఇగురు చేసింది... దాని గురించి చెప్తే సాయంత్రమైపోద్ది. తిన్నాక రాజు గారు కొత్తగా కొన్న రోము నాణెం చూపించారు. దాని గాటు చెవి దగ్గర మొదలై గడ్డం కింద రెండుగా చీలింది, అచ్చం కాకి కాలు ముద్రలా. అలాంటిది ఎక్కడా చూళ్ళేదు నేను. తిప్పి తిప్పి చూశాను, చిన్న కాటాలో తూచాను, బల్ల మీద పెట్టాను. పెట్టానే! నాకు బాగా గుర్తు. ఈలోగా కాఫీలొచ్చాయి, మాటల్లో పడ్డాం, ఇంటికొచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే ఫోను. "టీచరు గారండీ, ఏమీ అనుకోకండి. ఆ నాణెం పొరపాటున మీ బ్యాగులో గానీ పడిందేమో, ఒక్కసారి చూస్తారా అండీ?"

ఎంత మర్యాదగా అడిగారో చూడు. తిట్టినా బావుండేది. బ్యాగు మంచం మీద బోర్లించాను. కళ్ళజోడు, బస్సు టికెట్లు, జిందా తిలిస్మాత్ సీసా... నాణెం లేదు. "లేదండి" అన్నాను. "ఆయ్, సరేనండి" అన్నారు. అంతే. మళ్ళీ ఫోను లేదు, కారు లేదు.

పై నెల బస్సులో వెళ్ళాను రాజమండ్రి. నేను వెళ్ళి కూర్చోగానే పక్కాయన ఆల్బమ్ మూసేశాడే. మామూలుగా మూసినట్టే మూశాడు. ఇంకొకాయన నాణేల డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, దొంగని చూసినట్టు చూశారు. వచ్చేసి స్నానాల గదిలో పంపు తిప్పుకుని ఏడ్చాను. మళ్ళీ వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళు.

నాణేలు మాత్రం మానలేదు. ఇప్పుడు వేలమంతా ఫోన్లోనేగా, బొమ్మలు కూడా పెద్దవి చేసి చూడొచ్చు. పోయినేడాది అలా చూస్తూ చూస్తూ ఓ దాని దగ్గర ఆగిపోయాను. కాకి కాలు గాటు! ఇంకా పెద్దది చేసి చూశాను. ఇదే, రాజు గారిదే, ఎవరో కొట్టేసి అమ్ముకున్నారనుకున్నాను.

మీ తాతయ్య అన్నారూ, "దీన్ని కొని తీసుకెళ్ళావనుకో, ఇన్నాళ్ళూ నువ్వే దాచి ఇప్పుడు తెచ్చావంటారు. నలుగురిలో తలెత్తుకోలేం."

నిజమే గదా! రెండ్రోజులు అన్నం సయించలేదు. కానీ దాన్ని ఇంకొకరు పాడుకుపోతే నా మాటకి సాక్ష్యమేదే? పాడాను. ఎవరో పంతం పట్టారు, నేనూ పట్టాను, వచ్చింది. పార్సిల్ రాగానే బిల్లు, ఆ బొమ్మ ప్రింటు, అన్నీ కవర్లో పెట్టుకుని భీమవరం బస్సెక్కాం.

రాజు గారు బాగా చిక్కిపోయారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "ఇదిగోండి మీ నాణెం. మొన్న వేలంలో కొన్నాను, ఇదిగో బిల్లు. నేను తియ్యలేదు రాజు గారూ."

ఆయన నాణెం చేతిలోకి తీసుకుని చూస్తున్నారు, చూస్తున్నారు, తల ఎత్తరే. నమ్మలేదేమో అనుకున్నాను. అప్పుడు సీతమ్మ గారు గుమ్మంలోంచి, "ఇంకా ఎన్నాళ్ళండీ? చెప్పేయండి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

ఆయన బీరువా తీసి చిన్న కవరు తెచ్చి బల్ల మీద ఒంపారు. కాకి కాలు గాటున్న నాణెం! అదీ ఉంది, నేను తెచ్చిందీ ఉంది. రెండు.

"బల్ల సర్దేటప్పుడు కాటా పెట్టెలో ముఖమల్ గుడ్డ కిందకి జారిపోయిందండి. నాలుగేళ్ళ కిందట దొరికింది. మీ గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి వెనక్కెళ్ళిపోయానండి. మొహం చెల్లలేదు" అన్నారు. చేతులు జోడించారే, అంత మనిషి.

కోపం రావాలి గదా? నాలుగేళ్ళు తెలిసీ ఊరుకున్నందుకు! వచ్చిందిలే, అది తర్వాతొచ్చింది, బస్సులో మీ తాతయ్య మీద చూపించాను. అప్పుడు మాత్రం ఒళ్ళంతా తేలికైపోయింది. కుర్చీలో కూలబడి, "మంచినీళ్ళివ్వండి సీతమ్మ గారూ" అన్నాను. చెంబుడు నీళ్ళూ తాగేశాను. రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఉలి, ఒకే చెయ్యి. ఒకే కంసాలి చేతిలో పడుంటాయని రాజు గారంటే, అంతే అయ్యుంటుందండి అన్నాను. చూశావా, అప్పుడే మళ్ళీ నాణేల మాటల్లో పడిపోయాం.

కానీ ఒకటడిగాను. "నాకు చెప్తే చాలదండి, రాజమండ్రిలో చెప్పాలి." చెప్పారు. పై నెల కారేసుకొచ్చి మమ్మల్ని తీసుకెళ్ళి, అందర్లో లేచి నిలబడి, "టీచరు గారి తప్పు లేదు, తప్పంతా నాది" అన్నారు. అందరూ తలలొంచుకున్నారు. ఆ పక్కాయన, ఆల్బమ్ మూసినాయన, లేచొచ్చి తన ఆల్బమ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు కారెక్కగానే నిద్రపట్టేసింది నాకు. రావులపాలెం వంతెన ఎప్పుడు దాటామో తెలీదు. తాతయ్య ఇంటి ముందు తట్టి లేపాల్సొచ్చింది.

నీ మీద ఎప్పుడూ ఎవరికీ అలాంటి అనుమానం రాకూడదు బంగారం. నీకే ఎవరి మీదైనా వచ్చి, తప్పని తేలితే, తెలిసిన పూటే వెళ్ళి చెప్పేంత ధైర్యం దేవుడు నీకివ్వాలి. చల్లగా ఉండు... ఇంకా తిరుగుతోందా ఆ రికార్డింగు? రాజు గారికి వినిపించకే, పాపం, బాధపడతారు...