మాస్టారి పేపరు

నువ్వు కూడానా, జగన్నాథం మావా! మా బావగారొచ్చి సెప్పీసరికి లిస్టులోంచి మా పేపరు కొట్టీసినావా? నువ్వు ఏజెంటువి, చందా కట్టింది మా ఆయన, మన్మథరావు మాస్టారు. మజ్జిన మా బావెవులు?

కూకోమనకు. బారువ నుంచి పలాస దాకా బస్సులో నిలబడే వచ్చినాను. ఇంకాసేపు నిలబడితే అరిగిపోను.

అవును, మా ఆయన కొండలకి ఎల్లిపోనాడు. గిరిజనుల పిల్లలకి సదువు సెప్తానని ఎల్లినోడు, ఆళ్ళ భూములు ఆళ్ళకే రావాలని ఆళ్ళతోటే ఉండిపోనాడు. దొంగతనం సేసినాడేటి, నాను తల దించుకోడానికి?

ఎల్తూ ఎల్తూ ఏటన్నాడో తెలుసా? "సరోజినీ, పేపర్లు పారీకు. వచ్చి సదువుకుంతాను" అన్నాడు. నాను ఎలా ఉండాలో సెప్పనేదు, ఇంట్లో గింజలున్నాయో నేవో అడగనేదు. పేపర్లట! ఆ మనిషి అంతే.

మరి ఆయన కోసం పోలీసు జవాన్లు వచ్చినారు గదా. ఇల్లంతా తిరగేసినారు. ఒకడైతే అరుగు మీద కాళ్ళు సాపుకుని, ఆ పూట పేపరు తీసి సదివేసి, అందులోనే జీడిపప్పు పొట్లం కట్టుకున్నాడు. "బాబూ, అది మాస్టారిది, ఆయనింకా సూడనేదు" అన్నాను. "సచ్చినోడు పేపరు సూత్తాడేటమ్మా?" అని నవ్వినాడు. సేతిలోంచి లాగీసినాను. పప్పంతా అరుగు మీద పడింది. ఏరుకోమన్నాను!

ఆ తరవాత మా బావ సూర్యారావు. కోటబొమ్మాళి సంతలో ఎవడో అన్నాడట, కొండ మీద కాల్చీసినోళ్ళలో మనోడున్నాడని. "ఎవులు సూసినారు?" అని అడిగినాను. ఎవులూ సూడనేదు. శవం నేదు. కబురు తెచ్చినోడి పేరైనా తెలీదు. అయినా సరే, కర్మ సేయించీడానికి పంతులుగారిని ఎంటబెట్టుకుని వచ్చీసినాడు!

తలుపేసీసుకున్నాను. "నా బొట్టు తియ్యాలంటే ముందు తలుపు బద్దలుకొట్టండి" అన్నాను. పొద్దంతా నిలబడి ఎల్లిపోనారు. నా దగ్గర సాగక, ఇదిగో, నీ దగ్గరకొచ్చి పేపరు తీయించీసినాడు.

ఇప్పుడు ఇను. కొట్టీడం కాదు. ఆపు. అంతే.

రెండూ ఒకటేనంటావేటి? తుఫానొత్తే మా బారువోళ్ళు పడవలు ఒడ్డుకి లాగీత్తారు. సేపల ఏట మానీసినట్టా?

అలాగ కుదరదా? ఓలమ్మో! మొన్న వేసవిలో తాసిల్దారుగారు కాశీ ఎల్తే ఆపనేదా? తిరిగొచ్చినాక మళ్ళీ ఎయ్యనేదా? ఆయన వత్తాడని నమ్మినావు. మా మాస్టారు వత్తాడని నమ్మడానికి నీకేటి అడ్డం?

కొట్టీయాలంటే ఆ పేరున్నోడు రావాల. నీ ఎదురుగా నిలబడి తన నోటితో సెప్పాల. మా బావ సెప్తే కాదు. నాను సెప్పినా కాదు.

ఏటి? అయితే ఆపడమెందుకు, రోజూ పంపుతాను, నువ్వే సదువుకో అంటావా?

వద్దు మావా.

వద్దంటే వద్దు. ఎందుకంటే... జవానుకి ఎదురు సెప్పినాను, బావగారి ముందు తలుపేసినాను, అదంతా నిజమే. గాని పొద్దున్న పేపరు తెచ్చే బస్సు హారను ఇనబడితే సేతిలో పని వదిలీసి పరిగెడతాను. నీ కట్ట ఇప్పి, కాల్చీసినోళ్ళ పేర్లు ఎక్కడేసినారో ఎతుకుతాను. ఒక్కో పేరు మీదా ఏలెట్టి సదువుతాను. ఆయన పేరు నేదని తెలిసినాకే పొయ్యి ఎలిగిత్తాను. ఇంక నా వల్ల కాదు. ఒకరోజు ఆయన పేరు ఉంటాదేమో. తప్పో నిజమో, అచ్చులో ఉంటాదేమో.

అలా జాలిగా సూడకు. నాను ఏడవడానికి రానేదు.

రాసుకో. ఆయన వచ్చీదాకా ఆపమన్నానని రాసుకో. ఆయన ఉన్నాడో నేడో నాకు సెప్పే పని ఆ కాగితానికి నాను ఇవ్వను.