తువ్వాలు పట్టుకుని గెలిచినవాడు

లే, లే నిషివాకీ. ముందు ఆ మోకాళ్ళ మీంచి లే. తలుపు తీసే ఉంది, మా కుర్రాళ్ళు చూస్తున్నారు. బ్యాటింగ్ ఛాంపియన్ అంతటివాడు నా గదిలో నేలకి నుదురు ఆనించడమేమిటి, చెప్పు?

ఇంకా ఏమన్నావు? కురాషిగే గారూ అనా? ముప్పై ఏళ్ళుగా లేని గారు ఇవాళెక్కడ దొరికిందయ్యా నీకు? ఒకే ఏడు బేస్‌బాల్ ఆటలోకి వచ్చినవాళ్ళం మనం. ఆ యోకాన్ మిఠాయి కూడా నువ్వే ఉంచుకో. నాకు షుగరు.

నీ బాధ నాకు తెలుసులే. బ్యాటింగ్ టైటిల్ తేల్చే సగటులో నీ కొడుకు షూహేయ్ మా అకాబోరి కంటే వెంట్రుకవాసి వెనకున్నాడు. రేపు ఆఖరి ఆట, అదీ నేను మేనేజర్‌గా ఉన్న జట్టుతోనే. నేను అకాబోరిని సగటు తగ్గకుండా బెంచీ మీద కూర్చోబెట్టి, నీవాడికి ప్రతిసారీ బ్యాటు అందనంత దూరంగా బంతులు వేయించాననుకో. వాడు కొట్టేదీ లేదు, సగటు పెరిగేదీ లేదు. ఊరికే మొదటి బేసుకి నడుచుకుంటూ పోవాలి. టైటిల్ మావాడిది. అంతేగా నీ భయం?

భయపడవూ మరి? ఆ విద్య నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?

టైటిల్‌కి మనిద్దరమే పోటీపడ్డ ఆ ఏడు, ఆఖరి ఆట రోజు, సగటులో నాకంటే వెంట్రుకవాసి ముందున్న నువ్వు మెడలో తువ్వాలు వేసుకుని బెంచీ మీద కూర్చున్నావు, బార్లీ టీ తాగుతూ. నేను బ్యాటు పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ మీ పిచర్ బంతిని పక్క వీధిలోకి విసిరినట్టు విసిరాడు. జనం అరిచి గోల చేశారు. నువ్వు తల ఎత్తావా? ఎత్తలేదు.

చివరిసారి నాకు ఒళ్ళు మండిపోయింది. అందని బంతులకే గాల్లో బ్యాటు ఊపి ఊపి అవుటై వచ్చాను. నోరు మూసుకుని నడిచిపోయుంటే సగటు ఉన్నచోటే ఉండేది, ఆ ఊపులతో అదీ పడింది. మర్నాడు పేపర్లో నీ నవ్వు పక్కన నా వెర్రి ఊపు ఫోటో వేశారు.

ఏమిటీ? మీ మేనేజర్ కూర్చోమన్నాడా? ఆఁ, అనే ఉంటాడు. కాదనడానికి నీకు నోరు లేకపోయిందా?

చూడు, మన ఏడు వచ్చినవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టు. పదిసార్లు నిలబడి మూడుసార్లు కొడితే మొనగాడంటారు మన ఆటలో. మొత్తం ఆడిన ఏళ్ళన్నీ కలిపి తీస్తే నాది మూడుకి పైనే, మనవాళ్ళందరిలోకీ ఎక్కువ. నువ్వో? మూడుకి కిందే. అయినా టీవీవాడు నిన్ను మాజీ ఛాంపియన్ అంటాడు. నన్నేమో నిషివాకి చేతిలో టైటిల్ పోగొట్టుకున్న కురాషిగే అంటాడు. నా పేరు చెప్పాలన్నా ముందు నీ పేరు చెప్పాలి.

సరే, విను. రేపు మా పిచర్ షూహేయ్‌కి తిన్నగా బంతులు వేస్తాడు. ఇది నా మాట. అకాబోరి కూడా ఆడతాడు.

దండాలు తర్వాత పెడుదువుగాని, ఇంకా అయిపోలేదు.

నీ కొడుకు నీలాంటివాడు కాదు, కొడతాడు. గెలుస్తాడు కూడా. అప్పుడు తండ్రీకొడుకులిద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడరూ జనం? కొడుకు బ్యాటు పట్టుకుని గెలిచాడు, తండ్రి తువ్వాలు పట్టుకుని గెలిచాడు అంటారు. వాళ్ళనకపోతే నేనే అంటాను, మైకు నా ముందు పెడతారుగా. ఆ మాట విని షూహేయ్ ఇంటికొచ్చి నీ మొహంలోకి చూస్తాడే, ఆ చూపు కోసం ఇన్నేళ్ళు ఆగాను నేను.

ఏం, తెల్లబోయావ్? నువ్వడిగిందే ఇస్తున్నాగా.

అకాబోరి సంగతా? పొద్దున వాడూ ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. రేపొక్కరోజు నన్ను కూర్చోబెట్టండి సార్, టైటిల్ నాదవుతుంది, మా అమ్మ చూడాలి అన్నాడు. కుదరదన్నాను. ఓడిపోతే వాడు జీవితాంతం ఎవర్ని తిట్టుకుంటాడు? నీ కొడుకునా? నన్నే.

తిట్టుకోనీ. నీకు నేనున్నట్టు నాకూ ఒకడుండాలిగా.

ఇంక బయల్దేరు. వెళ్తూ ఆ తలుపు వేసెళ్ళు. బయట అకాబోరి ఇంకా నిలబడే ఉంటాడు, వాడి మొహం చూడలేను.