బొంత కింది విలన్

బోధన్‌లో మిట్టమధ్యాహ్నం. తలుపులన్నీ మూసి, తల మీదుగా బొంత కప్పుకుని మధుకర్ ఫోనుతో కుస్తీ పడుతున్నాడు. నాయనమ్మ లింగవ్వను కూడా బతిమాలి ఆ ముసుగులోకే లాక్కున్నాడు.

"ఊపిరాడ్తలేదురా. గీ ఎండల బొంతేంది?"

"బొంత లేకుంటె బయటి సప్పుడంత రికార్డయితదవ్వా. జర ఓర్సుకో. సాయంత్రంలోపు నా గొంతు హైదరాబాద్‌కు పంపాలె. నచ్చితె జపాను యానిమే బొమ్మల సినిమల విలన్‌కు తెలుగు గొంతు నాదే. నచ్చకుంటె మళ్ళ మొబైల్ షాపుల కవర్లు అమ్ముడే."

"విలనా? హీరోకు ఇయ్యరా?"

"హీరో పుస్తకం తెలుగు మాట్లాడ్తడట. విలన్‌కే మన మాట గావాల్నట."

"ఎందుకట్ల?"

"ఏమో. అడగలె. అడిగితె గిదీ పోతది."

"సరే. ఏం జేసిండు ఆడు?"

"చిన్నప్పుడు ఆని ఊరు డ్యామ్ కింద మునిగింది. గందుకే కట్ట తెంపి పట్నం మొత్తం ముంచుతా అంటడు. మునిగినోళ్ళ బాధ మునిగితెనే ఎర్కయితదంటడు. గదే ఆని ఫిలాసఫీ."

"ముంచితె ఆని ఊరు తేల్తదా?"

"తేలదని ఆనికి గూడ ఎర్కే."

"మరెందుకు?"

"గదే నాకు సమజయితలేదు. రెండుసార్లు పంపిన. కోపం లోపటికెల్లి వస్తలేదు, ఉత్తగ ఒర్రుతున్నవ్ అన్నరు. గిదే ఆఖరుది. నువ్వు హీరో మాట అను, నేను విలన్ జవాబిస్త. అను, 'వెయ్యి ఊళ్ళకు నీళ్ళు రావాలంటే ఒక్క ఊరు పోక తప్పదు.'"

"నాకు సదువు రాదు."

"సదువుడెందుకు, నేను చెప్పిన గద. అట్లనే అను."

"ఆగు. చెరుకు ట్రాక్టర్ పోతుంది."

"పోయింది. అను."

"గొంతెండింది. నీళ్ళు తాగొస్త."

"అవ్వా, గీ ఒక్క మాట అంటె అయిపాయె."

"గా మాట నేనన. ఇంకేదన్న చెప్పు, అంట."

"ఎందుకనవ్... పోచంపాడ్ డ్యామ్ కింద పోయిన మన ఊరు యాదికొచ్చిందా?"

"యాదికొచ్చుడేంది. మర్సిపోతె గద."

"అయ్యో. నాకు తట్టనేలేదు. వద్దు తియ్, బొంత తీసేస్త."

"ఉండు. హీరో మాట నువ్వను. ఆనికి జవాబు నేను జెప్త."

"నువ్వా? నీకా డైలాగ్ రాదు గదా."

"అను నువ్వు."

"'వెయ్యి ఊళ్ళకు నీళ్ళు రావాలంటే ఒక్క ఊరు పోక తప్పదు.'"

"నీ వెయ్యి ఊర్లల్ల ఒక్కటన్న నాదా? నా పొయ్యి మునుగుతది, నా వాకిలి మునుగుతది. నా పసిపిల్లను బొంద పెట్టిన జాగ మునుగుతది. నువ్వేమో లెక్కలు జెప్తున్నవ్. నీ నోట్లె మన్ను వడ. నీళ్ళొచ్చిన ప్రతి ఊరు గుక్కెడు నీళ్ళు లేక దూపకు సావాలె, ఒక్కడు గూడ మిగలొద్దు. అప్పుడు రా నా దగ్గరికి. అప్పుడు జెప్పు, పోక తప్పదని."

"అవ్వా..."

"ఏంది?"

"రికార్డయింది. గిదే కోపం గావాలె ఆళ్ళకు. నేను గిట్లనే అని పంపుత. ఎవల్నన్నవ్ గీ మాట? ఆఫీసరొచ్చిండా ఊరికి?"

"ఆఫీసర్లు జెప్తె ఊరిడిసి ఎవలు లేస్తరు? ఇంటింటికి తిరిగి, గా 'పోక తప్పదు' మాటే జెప్పి, కాళ్ళు మొక్కి, ఊరంతటిని లేపింది ఒక్కడే."

"ఎవలు?"

"మీ తాత. గా పిల్లను గుంతల పెట్టింది గూడ ఆయ్ననే."